బూరుగుదూది పరుపు

ఉదయగిరిలో జబీవుల్లా ఇల్లెక్కడ అంటే ఏ జబీవుల్లా అని ఎదురు అడుగుతారు. పరుపుల జబీవుల్లా అంటే మాత్రం ఎవరైనా సరే అంగడి దాకా వచ్చి చూపించి పోతారు. దూదేకుల ఇంట పుట్టినవాడు. ఆయన తండ్రి ఏకే విల్లు భుజాన వేసుకుని దుత్తలూరు, కలువాయి పల్లెలన్నీ తిరిగేవాడు. ఎవరింటి ముందైనా కూర్చుని నారి మీటడం మొదలుపెడితే దూది ఎగిరెగిరి ఆ ఇంటి కోళ్ళు కూడా తెల్లబడేవట. కొడుకు కాలానికి విల్లు అటకెక్కింది, దాని చోటికి కరెంటు మిషను వచ్చింది. పత్తి దూది ఎవడైనా కుక్కుతాడు గానీ బూరుగుదూది పరుపు కుట్టాలంటే తన తర్వాతే ఎవరైనా అని జబీవుల్లా నమ్మకం. నమ్మకం అనడం కన్నా పొగరు అనడమే న్యాయం.

మనిషి చెడ్డవాడు కాదు. మసీదుకు పోతాడు, ఊళ్ళో ఎవరు పోయినా పాడె వెనక నడుస్తాడు, అందరితోనూ నవ్వుతూ మాట్లాడతాడు. పరుపు మాట వచ్చిందంటే మాత్రం ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఊళ్ళో స్పాంజి పరుపులు అమ్మే అంగళ్ళు వచ్చి గిరాకీ సగానికి పడిపోయినా ఆయన వాటిని పరుపులని ఒప్పుకోలేదు. చుట్టాల ఇళ్ళకు పోతే ముందు వాళ్ళ పరుపును బొటనవేలితో నొక్కి చూసేవాడు. మొహం అదోలా పెట్టి, పోయి కుర్చీలో కూర్చునేవాడు. ఆ ఇంటివాళ్ళకు ఒళ్ళు మండేది. అయినా పెళ్ళి పరుపు కావాలంటే మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆ పరుపుల్లో సగం పని ఆయన భార్య ఫాతిమాది. దూది ఏకి, కుక్కి, సమం చేసేది జబీవుల్లా. చారల గుడ్డ కత్తిరించి, దబ్బనంతో అంచు కుట్టి, పరుపు నడుమ కుట్లు వేసేది ఫాతిమా. ఆ కుట్లే లేకపోతే దూది అంతా ఒక మూలకు చేరి పరుపు బస్తా అయిపోతుంది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. గిరాకీ వచ్చినప్పుడు ఆయన గొప్పలు పోతుంటే పక్కన కూర్చుని కుడుతూ, దారం పంటితో తెంపే నెపాన మొహం దించుకుని నవ్వుకునేది. తన మొగుడు సంతోషంగా ఉండటం చూసి ఆమె కడుపు నిండేది. అలా ఒక జీవితం గడిచింది. వాళ్ళకు ఒక్కతే కూతురు షీరీన్. అనంతసాగరంలో ఆటో నడిపే బర్కతుల్లాకు ఇచ్చి చేశారు.

వేసవి చివర్లో ఒకనాడు మిద్దె మీద బూరుగుదూది ఎండబెట్టారు. ఉన్నట్టుండి కొండ వైపు నుంచి గాలి లేచి వాన పట్టింది. జబీవుల్లా అంగట్లో ఉన్నాడు. ఫాతిమా ఒక్కతే పైకి పరుగెత్తి దూదినంతా దుప్పట్లో మూట కట్టి, రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగుతూ జారింది. మూట కింద పడి ఆమె దాని మీద పడినా బాగుండేది. ఆమె కింద పడింది, మూట మీద పడింది. తుంటి ఎముక విరిగింది. జనం వచ్చి లేపుతుంటే ఆమె అడిగిన మొదటి మాట, "దూది తడిసిందా?"

ఉదయగిరిలో చూసి ఆత్మకూరుకు పంపారు. అక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, ఆపరేషను చేస్తే నడుస్తుంది, కానీ షుగరు ఆకాశంలో ఉంది, అది దిగాకే కత్తి పెట్టేది అన్నాడు. అందాకా కాలు కదలకుండా దానికి బరువు కట్టి మంచం చివర వేలాడదీశారు. ఇక ఆమె వెల్లకిలా పడుకుని ఉండటమే. జబీవుల్లాకు కావలసింది ఒక్కటే. ఫాతిమా మళ్ళీ తన కాళ్ళ మీద నడిచి ఆ మిద్దె మెట్లు ఎక్కాలి. మొక్కని దర్గా లేదు.

ఆ వార్డు నర్సు రేణుకాదేవి మాట కరుకు, చెయ్యి మెత్తన. మొదటి రోజే జబీవుల్లాను మంచం దగ్గరికి పిలిచింది.

"పెద్దాయనా, ఇట్టా చూడు. ఈమె ఒకే తీరుగా పండుకోని ఉంటే బరువంతా నడుం కింద ఎముక మీద పడతాది. ఆడ నెత్తురు ఆడదు. చర్మం చచ్చిపోయి పుండు పడతాది. అది పడిందంటే మానేది కష్టం, షుగరు మనిషి గదా. రెండు గంటలకొకసారి నడుం కింద ఒకతూరి ఈ పక్క దిండు పెట్టు, ఒకతూరి ఆ పక్క పెట్టు. కాలు కదిలించబాక. మడమ పరుపుకు తగలకుండా చూడు. తడి ఉంటే అప్పుడే మార్చాల. రోజూ వీపు చూడాల. వీలైతే ఒక గాలిపరుపు తెప్పించు. మోటరు ఉంటాది దానికి, గాలి ఒక చోట ఎక్కి ఒక చోట దిగతా ఉంటాది."

అన్నీ తల ఊపుతూ విన్న జబీవుల్లా గాలిపరుపు మాట దగ్గర ఆగిపోయాడు.

"ఏంది సిస్టరమ్మా? నా పెళ్ళాన్ని రబ్బరు సంచి మీద పండుకోబెట్టాల్నా? నేనెవరో తెలుసునా నీకు?"

"ఎవరైతే ఏంది పెద్దాయనా? ఎముకకు నువ్వెవరో తెలవదు," అని రేణుకాదేవి ఇంకో మంచం దగ్గరికి పోయింది.

ఆ మాట ఆయనకు తగలాల్సిన చోట కాక వేరే చోట తగిలింది. మర్నాడే ఉదయగిరి పోయి, ఎవరి పెళ్ళికో కుట్టి ఉంచిన కొత్త బూరుగుదూది పరుపును అల్లుడి ఆటో మీద కట్టించి ఆత్మకూరుకు తెచ్చాడు. వార్డులో లేవగలిగినవాళ్ళంతా లేచి వచ్చి దాన్ని నొక్కి చూశారు. అబ్బా, వెన్న అన్నారు. రేణుకాదేవి మొదట ఒప్పుకోలేదు. ఆయన బతిమాలాడు, గొడవ పడ్డాడు, చివరికి పెద్ద సిస్టరుతో చెప్పించుకున్నాడు. "సరే, నీ పరుపే వేసుకో. తిప్పేది మాత్రం మానబాక," అని ఆమె హెచ్చరించింది. అంతా కలిసి పట్టుకుని ఫాతిమాను దాని మీదికి చేర్చారు.

"ఎట్టా ఉండాది మే?" అన్నాడు జబీవుల్లా, వార్డంతా వినేలా.

"మెత్తగా ఉండాది," అంది ఫాతిమా.

అంతే, ఆయన లెక్కలో పని అయిపోయింది. ఇంత మెత్తని పరుపు మీద తిప్పేదేమిటి? ఇనుప మంచం మీద రెక్సిను పట్టాతో పడుకున్నవాళ్ళకు కదా పుండ్లు పడేది? రెండు మూడు రోజులు దిండు పెట్టినట్టు చేశాడు. దిండు పెట్టినప్పుడల్లా ఆమె పళ్ళు బిగించేది. అది చూడలేక మానేశాడు. మెత్తని చోట హాయిగా పడుకున్నదాన్ని లేపి బాధ పెట్టడం దేనికి అనుకున్నాడు. ప్రేమ కూడా ఒక్కోసారి బద్ధకానికి బాగా సాయం చేస్తుంది.

పక్క మంచం కలువాయి చెంచమ్మది. మేకల వెనక పోతూ బండ మీద నుంచి జారి నడుం ఎముక విరగ్గొట్టుకుంది. ఆమె మొగుడు ఓబులయ్య తల మీద కండువా తీయకుండా మంచం పక్కనే కూర్చునేవాడు. సిస్టరు ఎలా చెప్పిందో అలా చెంచమ్మను తిప్పేవాడు. గొంగడి మడిచి మోకాళ్ళ నడుమ పెట్టేవాడు. తిప్పినప్పుడల్లా చెంచమ్మ ఆయన్నీ, ఆయన తల్లినీ, ఆయన మేకల్నీ కలిపి తిట్టేది. ఆ తిట్లు వార్డు బయట మందులంగడి దాకా వినపడేవి.

"ఏంది ఓబులయ్యా, అట్లకాడ లేదు గానీ దోసెను తిప్పినట్టు తిప్పుతుండావే!" అని జబీవుల్లా నవ్వాడు.

"నాకేం తెలుసు సాయిబూ. ఆయమ్మ తిప్పమనింది, తిప్పుతుండా. నీ కాడ అంత మంచి పరుపుండాది. నా కాడ ఏముండాది?" అన్నాడు ఓబులయ్య.

ఆ మాట జబీవుల్లాకు పొగడ్తలా వినిపించింది.

ఫాతిమా మాత్రం ఒక్కనాడూ అరవలేదు. ఒంటి గుడ్డ మార్చాలన్నా, మంచం మీదే దొడ్డికి పళ్ళెం పెట్టాలన్నా ఆమెకు చచ్చేంత సిగ్గు. మొగుడైనా మగవాడే. వార్డులో నలుగురు మగవాళ్ళు తిరుగుతున్న చోట ఆయన చేత ఆ పని చేయించుకోలేక నీళ్ళు తాగడం తగ్గించింది, తిండి తగ్గించింది. కోడిగుడ్డు పెట్టమని సిస్టరు చెబితే ఆకలి లేదు అనేది. ఆయన వీపు చూస్తానంటే, "షీరీన్ వస్తాది గదా, అది చూస్తాది లే," అనేది. షీరీన్‌కు ఇద్దరు పసిపిల్లలు, అత్తగారి ఊరు, మధ్యలో ఎప్పుడు వీలైతే అప్పుడు వచ్చేది. వచ్చిన రోజు తెర కట్టుకుని తల్లి ఒళ్ళు తుడిచేది.

అలా తుడుస్తున్న రోజే షీరీన్ చూసింది. నడుము కింద, సరిగ్గా ఎముక ఉన్న చోట, అరచేతి వెడల్పున ఎర్రగా కమిలి ఉంది. రేణుకాదేవిని పిలుచుకు వచ్చింది. ఆమె ఆ ఎరుపు మీద వేలితో నొక్కి వదిలింది. ఎరుపు పోలేదు, అలాగే ఉంది.

"మొదలయింది," అంది రేణుకాదేవి. "ఇంకా తోలు చీలలా, ఇప్పుడైతే ఆపొచ్చు. ఈరోజు నుంచి వీపు మీద బరువే పడగూడదు పెద్దాయనా. పక్కలకే. ఈ పరుపు తీసెయ్. రేపటి నుంచి నేనుండను, నెల్లూరులో ట్రైనింగు ఉండాది. మళ్ళీ వచ్చే లోపల గాలిపరుపు తెప్పించు, ఒట్టు పెట్టు."

ఆయన ఒట్టు పెట్టలేదు. తల దించుకుని కూర్చున్నాడు. తన పరుపు మీద పడుకున్న మనిషికి ఒళ్ళు కమిలిందన్న మాట ఆయనకు మింగుడు పడలేదు. భార్య ఒంటి మీది ఎరుపు కన్నా ఆ అవమానమే ఆ పూట ఎక్కువ బాధ పెట్టింది. అది తప్పని ఇప్పుడు మనం అనగలం. ఆయన స్థానంలో, పుట్టినప్పటి నుంచి ఒకే పని చేసి, ఆ ఒక్క పనికే నలుగురిలో తల ఎత్తుకుని బతికిన మనిషి అయి చూడాలి.

తెల్లవారాక ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. కమిలింది ఒక్క చోట. ఆ ఒక్క చోట పరుపు తగలకుండా చేస్తే సరిపోతుంది కదా? కుండ అడుగు నేలకు తగలకుండా చుట్టకుదురు పెట్టమా? ఇంత చిన్న సంగతికి రబ్బరు సంచీ, మోటరూ దేనికి?

దబ్బనం, పురికొస తెప్పించాడు. ఫాతిమాను కాసేపు ఆసుపత్రి పరుపు మీదికి మార్పించి, తన పరుపును వరండాలో పరిచాడు. నడుమ కుట్లు విప్పాడు. ఫాతిమా వేసిన కుట్లు అవి, ఒకంతట ఊడలేదు. ఎరుపు ఉన్నంత మేర దూది బయటికి లాగాడు. చుట్టూ దూదిని గట్టిగా దట్టించి గుండ్రంగా గట్టు కట్టాడు. గుడ్డ గుంతలోకి దిగేలా చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు వేశాడు. నేర్పుగా చేశాడు, కాదనడానికి లేదు. వచ్చే పోయే వాళ్ళు ఆగి చూశారు. మందు బండి తోసే మనిషి కూడా భలే ఐడియా అన్నాడు. "బలే పనోడివి సాయిబూ," అని ఓబులయ్య మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. పెద్ద సిస్టరుకు వార్డు నిండా జ్వరాల కేసులు, మంచాలు చాలక నేల మీద కూడా పడుకోబెట్టారు. దుప్పటి కింద ఏముందో ఎత్తి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఫాతిమాను మళ్ళీ దాని మీద పడుకోబెట్టి, నడుము సరిగ్గా గుంత మీదికి వచ్చేలా సర్దాడు.

"ఎట్టా ఉండాది?"

ఆమె ఆయన మొహం చూసింది. ఆ మొహంలో ఎంత ఆశ ఉందో ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసినదానికి తెలియకపోతుందా?

"మెత్తగా ఉండాది," అంది.

"చూసినావా! ఇంక కదలబాక. కదిలితే గుంత తప్పిపోతావు."

అలా, తిప్పాల్సిన మనిషిని తిప్పకపోవడమే కాక, కదలగలిగినంత కూడా కదలొద్దని కట్టడి చేశాడు. ఆమె భుజాలతో కాస్త జరిగినా మళ్ళీ సర్ది గుంత మీదికి చేర్చేవాడు. పక్కన చెంచమ్మ తిట్ల మధ్య అటూ ఇటూ పొర్లుతూనే ఉంది. ఫాతిమా పైకప్పు చూస్తూ నోరు మెదపకుండా పడి ఉంది. ఎప్పుడైనా జబీవుల్లా టీకి బయటికి పోయి వచ్చేసరికి ఆమె చెయ్యి నడుము కింద ఉండేది. ఏంది అంటే, దురద అనేది.

షీరీన్ పిల్లలకు జ్వరాలు తగిలి ఆ వారమంతా రాలేదు. మొదట వాసన వచ్చింది. జబీవుల్లా అది వార్డు వాసన అనుకున్నాడు. ఆసుపత్రిలో వాసన రాక అత్తరు వస్తుందా అనుకున్నాడు.

రేణుకాదేవి ట్రైనింగు నుంచి తిరిగి వచ్చిన పొద్దున వార్డు తలుపు దగ్గరే ఆగింది. బ్యాగు కూడా పెట్టకుండా నేరుగా ఫాతిమా మంచం దగ్గరికి వచ్చింది. తెర లాగించి, ఇంకో సిస్టరు సాయంతో ఆమెను పక్కకు ఒరిగించి చూసింది. కమిలిన చోటు నల్లగా పెచ్చు కట్టింది. దాని చుట్టూ, గట్టు నొక్కిన మేర, తోలు చీలి గుండ్రంగా పుండు పడింది. చీము కారుతోంది.

"ఎవురు చేసినారు ఈ గుంత?" అని అడిగింది.

"నేనే," అన్నాడు జబీవుల్లా. ఆ మాటలో అప్పటికీ ఇంకా కాస్త గర్వం ఉంది.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే ఆయనకు కొంచెం సులువుగా ఉండేది.

"చుట్టూరా నొక్కేసినావు గదయ్యా. చుట్టూ నొక్కితే నడిమికి నెత్తురు యాడి నుంచి వస్తాది? వేలికి దారం గట్టిగా చుట్టి చూడు, కొస ఏమవతాదో."

దబ్బనంతో కుట్టేటప్పుడు దారం వేలికి చుట్టుకుని కొస నల్లబడటం జబీవుల్లా చూడనిది కాదు. ఫాతిమా వేళ్ళకే ఎన్నోసార్లు చూశాడు. ఆమెను దించగానే ఆ పరుపును దుప్పటితో సహా చుట్ట చుట్టి, పురికొసతో గట్టిగా కట్టి, ఎవరికీ కనపడకుండా మంచం కిందికి తోసేశాడు. సాయంత్రానికల్లా బర్కతుల్లా నెల్లూరు పోయి గాలిపరుపు తెచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

డాక్టరు వచ్చి చచ్చిన తోలు కత్తిరించి తీశాడు. లోపల గుంత పైకి కనిపించినదాని కన్నా లోతుగా ఉంది. రేణుకాదేవి రోజూ ఉప్పునీళ్ళతో కడిగి, పుండు లోపలికి గుడ్డ దట్టించి కట్టు కట్టేది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. పుండు మానే దాకా ఆపరేషను మాట లేదన్నారు. పుండు ఉన్నంతకాలం షుగరు దిగదు, షుగరు దిగందే పుండు మానదు.

ఆ తర్వాతి జబీవుల్లాను చూసినవాళ్ళు ఆయన వేరే మనిషి అంటారు. ఎలా తిప్పాలో ఓబులయ్య దగ్గర సిగ్గు విడిచి నేర్చుకున్నాడు. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి. గుడ్డు నలిపి నోట్లో పెట్టేవాడు. నీళ్ళు తాగించేవాడు. పళ్ళెం తానే పెట్టి తానే తీసేవాడు. సిగ్గుపడితే, "నా ముందర ఏంది మే సిగ్గు?" అని కసిరేవాడు, కసిరి తనే ఏడ్చేవాడు. ఇదంతా ఇంకొంచెం ముందు చేసి ఉంటే ఆ పుండు పడేది కాదని తనకు తెలుసు. తెలిసి చేసే సేవ లోపల ఎంత కాలుస్తుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆమె కాస్త తెలివిగా ఉన్నప్పుడు అడిగాడు.

"నిజం చెప్పు. ఆ గుంత మీద నొప్పి పుట్టలా నీకు?"

"పుట్టలా," అంది ఫాతిమా.

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టెందుకయ్యా. పుట్టలా అంటిని గదా. బాగా కుట్టినావు." అని ఆయన చేతి మీద చెయ్యి వేసింది. చెయ్యి కాలిపోతోంది. జ్వరం అప్పుడే మొదలయింది.

చెంచమ్మ నడుముకు పట్టీ కట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తూ, మొగుణ్ణి చివరిసారిగా తిడుతూ ఇంటికి పోయింది. ఆమె వీపు మీద ఒక గీత కూడా పడలేదు. పోయేముందు ఓబులయ్య జబీవుల్లా దగ్గర నిలబడి భుజం తట్టి పోయాడు. అరిచిన ఆడది నడిచి పోయింది, అరవనిది మంచం మీద మిగిలింది. చెంచమ్మ తిట్లు లేని ఆ వార్డులో జబీవుల్లాకు కూర్చోబుద్ధి కాలేదు.

జ్వరం దిగలేదు. పుండులోని విషం నెత్తుటిలోకి పాకిందన్నారు. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. ఆ పొద్దున అంబులెన్సు వచ్చి వరండా ముందు నిలబడింది. స్ట్రెచరు మీదికి మార్చడానికి జబీవుల్లా తాను నేర్చుకున్న విధంగానే ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టాడు. ఎత్తగానే తేడా తెలిసిపోయింది. ఆమె పళ్ళు బిగించలేదు.

ఉదయగిరికి తెచ్చారు. ఇంటి వెనక తెరలు కట్టి స్నానం చేయించడానికి షీరీన్, చుట్టాల్లో ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు లోపలికి పోయారు. మగవాళ్ళు ముందు వైపు బెంచీల మీద కూర్చున్నారు. జబీవుల్లా తెరకు ఇవతల నిలబడి లోపల నీళ్ళ చప్పుడు వింటున్నాడు. చనిపోయినవాళ్ళకు స్నానం చేయించినవాళ్ళు ఒంటి మీద ఏం చూసినా బయట చెప్పకూడదు. అది వాళ్ళలో కట్టడి. చిన్నప్పటి నుంచి ఆయనకు తెలిసినదే, ఆయనే కూతురికి నేర్పిందే.

షీరీన్ బయటికి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తండ్రి ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఎట్టా ఉండాదిమా? ఆ పుండు..."

షీరీన్ ఆయన మొహం వంక చూసింది. ఫాతిమా చూసినట్టే చూసింది.

"ఏం లేదు నాయనా. మానిపోయి ఉండాది," అంది.

పోయినవాళ్ళ పుండు మానదని జబీవుల్లాకు తెలుసు. ఆమె ఆ కట్టడి కోసం చెప్పిందో, తన కోసం చెప్పిందో అడగలేదు. తల్లి పోలికే ఈ పిల్లకు పూర్తిగా వచ్చిందని మాత్రం అప్పుడు తెలిసింది.

నలభయ్యో రోజు ఫాతెహా చదివించడం అయ్యాక అంగడి తెరిచాడు. తెరవక చేసేదేముంది? ఆసుపత్రి నుంచి అల్లుడు తెచ్చి పడేసిన పరుపు చుట్ట మూలన అలాగే ఉంది. పోయినవాళ్ళ పరుపులు ఎన్నో ఆయన దగ్గరికి వచ్చేవి. గుడ్డ పారేసి, దూది ఎండబెట్టి, మళ్ళీ ఏకి కొత్త పరుపులో కలపడం మామూలే. దూదికి ఎవరు పోయారో గుర్తుండదు అనేవాడు. ఆ మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి పురికొస తెంపాడు.

చుట్ట విప్పితే దుప్పటి లోపల గుంత కనిపించింది. గుంత ఖాళీగా లేదు. అందులో నలిగి ఉండకట్టిన గుడ్డ ఒకటి ఉంది. బయటికి తీశాడు. ఫాతిమా పైట చెంగు. ఆసుపత్రిలో కట్టుకున్న ఆకుపచ్చ చీర చెంగు, అంచు వెంబడి పంటితో కొరికి చించినట్టుంది. దాన్ని మడిచి మడిచి గట్టు మీదకి, గుంత లోపలికి దోపింది. గట్టు నొక్కుతున్న చోట గుడ్డ నలిగి నల్లబడింది. ఆయన టీకి పోయినప్పుడల్లా నడుము కింద ఆమె చెయ్యి చేసింది ఇదీ. దురద కాదు. మొగుడు కుట్టిన పరుపును తన చేతనైనంతలో, పడుకున్న చోటి నుంచి కదలకుండా, సరిచేసుకుంది.

జబీవుల్లా ఆ గుడ్డను మొహానికి అదుముకుని కేకపెట్టి ఏడ్చాడు. పక్కంగడివాళ్ళు తలుపు దాకా వచ్చి, తీయకుండా వెనక్కి పోయారు.

ఏడుపు ఆగాక ఆ పరుపును నేల మీద పరిచాడు. గుడ్డ తీసి పక్కన పెట్టాడు. ఫాతిమాను ఎలా పడుకోబెట్టాడో అలాగే, నడుము సరిగ్గా గుంత మీదికి వచ్చేలా, వెల్లకిలా పడుకున్నాడు. మొదట మెత్తగానే ఉంది. తర్వాత గట్టు తెలియడం మొదలయింది. తాను దగ్గర దగ్గరగా వేసిన కుట్లు ఒక్కొక్కటీ తెలిశాయి. నడుము తిమ్మిరెక్కింది, మంట పుట్టింది. కదలకూడదని పళ్ళు బిగించి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఆమె పడుకున్నంత సేపైనా పడుకోవాలనుకున్నాడు.

పడుకున్నప్పుడు వీధిలో మోగిన ఐస్ బండి బెల్లు ఇంకా దూరం పోలేదు. ఓర్చుకోలేక పక్కకు తిరిగాడు.